సభలో సీట్లు మారితే మన సొమ్ముకేమవుతుంది?

ప్రశ్న: మాది నరసన్నపేట. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 62, పెన్షను 42 వేలు. 2024 జూన్ 4న కౌంటింగు చూస్తూ భయపడి, మధ్యాహ్నం రెండింటికి నిఫ్టీ ఇండెక్స్ ఫండులోని సొమ్మంతా తీసేశాను. ముందురోజు అది ఆరు లక్షలుండేది. అప్పట్నుంచీ సేవింగ్స్ ఖాతాలోనే పడుంది. ఇంటి లోను ఇంకా తొమ్మిది లక్షలు, పదేళ్ళు కట్టాలి, వడ్డీ 9 శాతం. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి నెలకు 500 డాలర్లు పంపుతాడు. అక్కడి కాంగ్రెస్ చేతులు మారితే దాని మీద పన్ను పడుతుందంటాడు. మా వీధి అరుగు మీద మాటేమో ఇది: "గవర్నమెంటు మారితే పన్నులు పెరిగిపోతాయి, డబ్బులు తీసీసి భోగాపురంలో జాగా కొనీండి మాస్టారూ." 2010 జూన్‌లో మూడు లక్షలకు కొన్న ఖాళీ స్థలం ఇప్పుడు తొమ్మిది లక్షలు పలుకుతోంది. అది అమ్మి అక్కడ కొనమంటారా? రాష్ట్రం అప్పులు చూస్తే పెన్షను మీద కూడా బెంగగానే ఉంది.

సమాధానం: మాస్టారూ, ముందు జూన్ 4 లెక్క తేల్చేద్దాం. ఎగ్జిట్ పోల్స్ ఊపులో జూన్ 3న నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. మర్నాడు బీజేపీ 240 దగ్గరే ఆగి, సొంతంగా 272 రాదని తేలేసరికి 5.93 శాతం పడి 21,884.50కి దిగింది. మీరు మూడు గంటల లోపు రిడెంప్షన్ పెట్టారు కాబట్టి మీకు పడింది ఆ సాయంత్రం ఎన్‌ఏవీ, అంటే ఆ రోజు ముగింపుకి లెక్కగట్టిన ఫండు యూనిట్ ధర. రెండింటికి టీవీలో కనిపించిన ధర మీకు ఎలాగూ దక్కదు, ఫండుకి రోజుకొకటే ధర. ఆరు లక్షల మీద సుమారు 35,600 పోయింది. జూన్ 7 శుక్రవారానికి నిఫ్టీ 23,290.15, అంటే మూడో తారీఖు కన్నా పైనే. ఆ మూడు రోజుల్లో ఒక్క సీటు కూడా అటూ ఇటూ కాలేదు. కూటమికి 293 ఉన్నాయి, సర్కారు ఏర్పడుతుందని జనానికి నమ్మకం కుదిరింది, అంతే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 2004 మే 17న, యూపీఏ వస్తోందనగానే, సెన్సెక్స్ ఒక్కరోజులో 11.14 శాతం పడి 4,505 దగ్గర ముగిసింది. మధ్యలో రెండుసార్లు ట్రేడింగ్ ఆపాల్సొచ్చింది. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకి అదే సెన్సెక్స్ 6,600 దాటింది. 2009 మే 18న అదే యూపీఏ మళ్ళీ గెలిస్తే 17.34 శాతం ఎగిరింది. వామపక్షాల మద్దతు మీద ఆధారపడాల్సిన అవసరం తీరిపోయిందని ఆ సంబరం. ఒకే కూటమి గెలుపును ఒకసారి శోకంగా, ఇంకోసారి పెళ్ళిగా చూసిన మార్కెట్టుతో పందెం కాయడం మీ పెన్షను డబ్బుతో చేసే పని కాదు.

ఇక పన్నులు. ప్రభుత్వం మారితే పన్నులు మారతాయన్న మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే ఏ సభ మారితే ఏ పన్ను మారుతుందో విడదీయకుండా అరుగు మీద అంతా కలిపేస్తారు. ఆదాయపు పన్ను, షేర్లూ ఫండ్ల లాభాల మీద పన్ను పూర్తిగా పార్లమెంటువి. అందులోనూ లోక్‌సభవే. ఆర్థిక బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు, సిఫార్సు మాత్రమే చేయగలదు. రాష్ట్రంలోనూ ఇదే పద్ధతి. 2020 జనవరిలో రాజధాని బిల్లులను శాసన మండలి సెలెక్ట్ కమిటీకి పంపి ఆపగలిగిందంటే అవి మామూలు బిల్లులు కాబట్టి. పన్ను బిల్లయితే మండలికి ఆ పట్టు లేదు. కాబట్టి మండలిలో ఎవరి బలమెంత అన్న చర్చ మీ జేబు వరకూ రాదు.

అమరావతిలో సర్కారు మారితే కదిలేవి వేరు. స్థలాల మార్కెట్ విలువలు, స్టాంపు డ్యూటీ, పెట్రోలు మీద వ్యాట్, మద్యం సుంకం, బళ్ళ పన్ను, మున్సిపాలిటీ పన్నులు. పట్టణాల్లో ఇంటింటికీ వసూలు చేసిన చెత్త పన్ను 2024లో సర్కారు మారాక పోయింది. అదే సర్కారు 2025 ఫిబ్రవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ విలువలు సవరించింది. వృత్తి పన్నుకు మాత్రం రాజ్యాంగమే ఏడాదికి 2,500 రూపాయలని గీత గీసింది, దాన్ని ఏ సర్కారూ దాటలేదు.

జీఎస్టీ సంగతి లెక్కల మాస్టారికి నచ్చుతుంది. కౌన్సిల్లో కేంద్రం ఓటు బరువు మూడోవంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు, నిర్ణయం నెగ్గడానికి నాలుగింట మూడొంతులు, అంటే 75 శాతం కావాలి. కేంద్రం ఒప్పుకోకపోతే ఏదీ నెగ్గదు. కేంద్రం ఒక్కటే కోరుకున్నా నెగ్గదు. శాసనసభలున్న 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలూ హాజరైతే కనీసం 20 కలిసిరావాలి. మన రాష్ట్రం ఓటు బరువు నూటికి రెండుకు కాస్త ఎక్కువ. అంచేత ఇక్కడ ఎవరు గెలిచినా మీ సబ్బు ధరలో జీఎస్టీ కదలదు. 2025 సెప్టెంబరు 22న దాదాపు అన్ని సరుకులకూ 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసి, విడిగా తీసుకునే జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద పన్ను తీసేసినప్పుడు ఏ ఎన్నికల ఫలితమూ లేదు, కౌన్సిల్ కూర్చుని తేల్చింది.

సీట్లు తగ్గితే పన్నులు ఏ దిక్కుకు వెళ్తాయో కూడా ఎవరూ చెప్పలేరు. 2024లో మెజారిటీ తగ్గిన ప్రభుత్వమే జులై 23 బడ్జెట్లో షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభం మీద పన్ను 10 నుంచి 12.5 శాతానికి, ఏడాది లోపు అమ్మితే 15 నుంచి 20 శాతానికి పెంచింది. ఆరు నెలలు దాటగానే, 2025 ఫిబ్రవరిలో, కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా రిబేటు ఇచ్చింది. మీకు దక్కింది ఈ రెండోదే. ఏడాదికి పెన్షను 5,04,000, అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 4,29,000. వడ్డీలు కలిపినా పన్ను సున్నా. ఒక్కచోట చాలామంది జారుతున్నారు: ఆ రిబేటు ఫండ్ల లాభాలకు వర్తించదు. ఏడాదికి 1,25,000 దాటిన లాభం మీద 12.5 శాతం, మీ మిగతా ఆదాయం నాలుగు లక్షల కనీస మినహాయింపు దాటింది కాబట్టి, కట్టాల్సిందే.

తేదీ కూడా చూసుకోవాలి. పన్ను శ్లాబులు సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి మారతాయి. కానీ క్యాపిటల్ గెయిన్స్ రేట్లు 2024లో బడ్జెట్ చదివిన జులై 23నే అమల్లోకి వచ్చేశాయి. ముందే తెలుసుకుని అమ్ముకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు. కాబట్టి "రేపు పెరుగుతుందట, ఈరోజే అమ్మేద్దాం" అన్న ఆలోచన వదిలేయండి. ఇక రాష్ట్రం విషయానికొస్తే, 2024 జూన్ 12న ప్రమాణ స్వీకారం చేసిన ప్రభుత్వం పూర్తి బడ్జెట్ పెట్టింది నవంబరు 11న. ఓటింగు రోజుకీ పన్ను రోజుకీ మధ్య అంత దూరం ఉంటుంది.

ఆ జులై బడ్జెట్‌కే మీ స్థలంతో సంబంధముంది. భూమి, ఇళ్ళ అమ్మకంలో ద్రవ్యోల్బణ సర్దుబాటు తీసేసి 12.5 శాతం అన్నారు. గొడవయ్యాక ఆగస్టులో సవరించి, 2024 జులై 23కి ముందు కొన్నవాటికి రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టుకోమన్నారు. మీ స్థలం 2010-11లో కొన్నది, ఆ సర్దుబాటుకు ప్రభుత్వం ఏటా ప్రకటించే ద్రవ్యోల్బణ సూచీ అప్పట్లో 167. 2025-26 సూచీ 376. ఆ ఏడాదిలో అమ్మారనుకుంటే కొన్న ధర 3,00,000 × 376 ÷ 167, అంటే సుమారు 6,75,450 అవుతుంది. లాభం 2,24,550, దాని మీద 20 శాతం సుమారు 44,900. సర్దుబాటు లేని లెక్కలో 6,00,000 మీద 12.5 శాతం 75,000. రెంటికీ 4 శాతం సెస్సు అదనం. రిటర్ను వేసేవాళ్ళు కొందరు అలవాటుగా 12.5 కొట్టేస్తారు. ముప్పై వేలు అక్కడే పోతాయి. పాత దస్తావేజు నకలు, అప్పట్లో కట్టిన రిజిస్ట్రేషన్ ఖర్చుల రసీదులు తీసి పెట్టుకోండి, ఆ ఖర్చులు కూడా కొన్న ధరలో కలుస్తాయి.

అయితే ఆ స్థలం అమ్మి భోగాపురం వెళ్ళమని చెప్పలేం. ప్రభుత్వాలు మారడం వల్ల సామాన్యుడి సొమ్ము ఎక్కువగా ఇరుక్కునేది షేర్లలో కాదు, నేలలో. భోగాపురం విమానాశ్రయానికే 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మీ జిల్లాలోనే భావనపాడు పేరుతో మొదలైన పోర్టు మూలపేటగా మారింది. మొదటి కొబ్బరికాయ కొట్టినప్పుడు కొన్నవాడు నాలుగేళ్ళు ఎదురుచూశాడు. ఆ మధ్యకాలంలో స్థలానికి వడ్డీ రాదు, అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. పైగా కొనేటప్పుడే స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. తొమ్మిది లక్షల జాగాకు 67,500. ఇటు అమ్మినప్పుడు 45 వేలు, అటు కొన్నప్పుడు 67 వేలు. చేతులు మారడానికే లక్షా పన్నెండు వేలు ఖర్చు.

అంతకన్నా పెద్ద ప్రమాదం డీ-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో సర్కారు మారాక, అలా ఫ్రీహోల్డ్ చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలెట్టారు. అడ్వాన్సులిచ్చినవాళ్ళు మధ్యలో చిక్కుకున్నారు. భూమి హక్కుల చట్టం కూడా ఇంతే: 2023 అక్టోబరు 31న అమల్లోకొచ్చింది, 2024 జులైలో శాసనసభ రద్దు చేసింది. అంచేత ఎంత చవకగా వస్తున్నా అడ్వాన్సుకు ముందు ముప్పై ఏళ్ళ ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. అడంగల్, 1బి చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ అనుమతి, రెరా నంబరు ఉన్నాయా చూడండి. "ఫలానా నాయకుడి మనిషి వేసిన లేఅవుట్" అని ఎవరైనా గొప్పగా చెబితే దాన్ని అర్హతగా కాదు, అనర్హతగా రాసుకోండి.

డల్లాస్ సంగతి. మీ అబ్బాయి భయంలో సగం నిజముంది, ఆ కథ తెలుసుకోదగ్గదే. 2025 మేలో అక్కడి ప్రతినిధుల సభలో వచ్చిన ముసాయిదాలో, అమెరికా పౌరులు కానివారు విదేశాలకు పంపే డబ్బు మీద 5 శాతం పన్నన్నారు. మే 22న ఆ సభ 215-214తో బిల్లు నెగ్గించేసరికి అది 3.5 అయింది. జులై 1న సెనేట్ 51-50తో ఆమోదించేటప్పటికి 1 శాతానికి దిగి, అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కులాంటివి చేతికిచ్చి పంపేవాళ్ళకే పరిమితమైంది. జులై 4న చట్టమైంది, 2026 జనవరి 1 నుంచి అమలు. మీ అబ్బాయి అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే పన్ను లేదు. మొదటి ముసాయిదా చూసి కంగారుపడినవాళ్ళు లెక్కేసుకున్నది నెలకు 25 డాలర్లు. చివరికి తేలింది సున్నా. ఒకే పార్టీ చేతిలో రెండు సభలూ ఉన్నా, ఒక్కో ఓటు తేడాతో నెగ్గాల్సి రావడంతో బిల్లు దారిలో అంత మారిపోయింది.

అక్కడ ప్రతినిధుల సభ మొత్తానికీ, సెనేట్‌లో మూడోవంతుకూ రెండేళ్ళకోసారి ఎన్నికలు. మామూలు బిల్లు సెనేట్ దాటాలంటే ఆచరణలో 60 ఓట్లు కావాలి. బడ్జెట్ రికన్సిలియేషన్ అనే దారిలో వెళ్తే సాధారణ మెజారిటీ చాలు, 2025 చట్టం అలాగే వచ్చింది. ఒక సభ చేతులు మారితే ఆ దారి మూసుకుపోయి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప పెద్ద పన్ను మార్పులు రావు. ఉన్న చట్టం అలాగే ఉంటుంది. అంటే ఆ మార్పు మీ అబ్బాయి పంపే డబ్బుకు చేటు చేసేది కాదు. ఖర్చుల బిల్లు నెగ్గక అక్కడి సర్కారు ఆఫీసులు మూతపడే షట్‌డౌన్ల గురించి వాట్సాప్‌లో వచ్చేవి కూడా అంతగా పట్టించుకోకండి. 2025లో 43 రోజుల షట్‌డౌన్ వచ్చినప్పుడు రెండు సభలూ ఒకే పార్టీవి. మన దగ్గర ఆ బెడద లేదు, లోక్‌సభలో బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది. ఇక్కడ మీ వైపు చూస్తే, కొడుకు తండ్రికి పంపిన సొమ్ము మీ ఆదాయం కిందకి రాదు, ఎంతైనా సరే. బ్యాంకు ద్వారా వచ్చినట్టు రికార్డు ఉంటే చాలు.

లోను. మీరు అడగలేదు గానీ, ఈ ఉత్తరం మొత్తంలో మీకు నిజంగా డబ్బు పోతున్న చోటు ఇదే. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును సభలు తేల్చవు. రిజర్వ్ బ్యాంకులో ఆరుగురి కమిటీ ఓటేసి తేలుస్తుంది. 2025లో అది నాలుగు విడతల్లో 6.50 నుంచి 5.25కి దిగింది. మీకింకా 9 శాతమే పడుతోందంటే మీ లోను బ్యాంకు తన ఖర్చులను బట్టి తేల్చుకునే పాత ఎంసీఎల్ఆర్ పద్ధతిలోనో, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ సొంత రేటు మీదో ఉండుండాలి. బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపోలాంటి బయటి రేటుకు ముడిపడి, కనీసం మూడు నెలలకోసారి మారాలి. బ్రాంచికి వెళ్ళి మూడు ముక్కలు రాయించుకోండి: బెంచ్‌మార్క్ (ముడిపెట్టిన రేటు) ఏది, దాని మీద స్ప్రెడ్ (బ్యాంకు కలిపేది) ఎంత, రీసెట్ (రేటు మారే) తేదీ ఎప్పుడు. రెపోకు మార్చమని అర్జీ ఇవ్వండి, చిన్న ఫీజు అడుగుతారు. 9 శాతం మీద తొమ్మిది లక్షలకు మీ వాయిదా సుమారు 11,400. 7.75 అయితే 10,800. వాయిదా తగ్గించమనకుండా 11,400 కడుతూనే ఉంటే, పదేళ్ళకన్నా తొమ్మిది నెలల ముందే తీరుతుంది. రేటు మారినప్పుడు వాయిదా మారాలా, గడువు మారాలా అని బ్యాంకు మిమ్మల్నే అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

మార్చరు పొమ్మంటే, 9 శాతం దగ్గర ఒక లక్ష ముందుగా కట్టేయండి. 120 వాయిదాలు 100కి దిగుతాయి. ఇరవై వాయిదాలంటే 2,28,000. ఫ్లోటింగ్ ఇంటి లోనుకి ముందస్తు చెల్లింపు జరిమానా లేదు. రేటు 7.75కి వస్తే మాత్రం ముందుగా కట్టడం అంత లాభం కాదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వచ్చే 8.2 శాతం దాన్ని దాటుతుంది, మీకెలాగూ పన్ను లేదు.

ఆ స్కీము రేటును కూడా ఏ సభా ఓటేసి తేల్చదు. ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. మీరు వేసిన రోజు రేటే ఐదేళ్ళూ నడుస్తుంది, తర్వాత ప్రభుత్వం మారినా, రేటు తగ్గినా మీది మారదు. పీపీఎఫ్‌కి ఆ భద్రత లేదు, అందులో రేటు మారితే పాత నిల్వ మొత్తానికీ మారుతుంది. స్కీములో గరిష్ఠం 30 లక్షలు, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. ఏడాది లోపు మూసేస్తే వడ్డీ పోతుంది, రెండేళ్ళ లోపయితే అసలులో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోస్తారు.

రాష్ట్రం అప్పు విషయం. రాష్ట్రం తన ఇష్టం వచ్చినంత అప్పు చేయలేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం ఏటా కేంద్రం అనుమతి తీసుకోవాలి. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. కాబట్టి పెన్షను పోతుందన్న బెంగ వద్దు. కానీ ఒకటో తారీఖున పడుతుందా, డీఏ బకాయిలు ఎప్పుడిస్తారు, పీఆర్సీ ఎప్పుడు అన్నవి మాత్రం ఎవరు కుర్చీలో ఉన్నారన్నదాన్ని బట్టే ఉంటాయి. దానికి మందు ఆరు నెలల ఇంటి ఖర్చు, వాయిదాలతో కలిపి, పక్కన ఉంచుకోవడం. ఇంకోమాట: ఎవరైనా "గవర్నమెంటు బాండ్" అని పది శాతం వడ్డీ చూపిస్తే, అది రిజర్వ్ బ్యాంకు వేలం వేసే రాష్ట్ర ప్రభుత్వ సెక్యూరిటీయా, లేక రాష్ట్రం గ్యారంటీ ఇచ్చిన సంస్థ బాండా అడగండి. 2018లో రాజధాని కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 10.32 శాతానికి 2,000 కోట్లు తీసుకుంది. ఏడాది తిరిగేసరికి సర్కారు మారి రాజధాని ప్రణాళికే పక్కకు పోయింది. ఆ అదనపు వడ్డీ అలాంటి ప్రమాదానికి కట్టిన ధర.

ఇక సేవింగ్స్ ఖాతాలోని ఐదున్నర లక్షల చిల్లర. రెండు లక్షలు ఏడాది ఎఫ్‌డీలో, ఇది పెన్షను ఆలస్యమైనప్పటికి. లక్ష లోనుకి, రేటు తగ్గించకపోతేనే. తగ్గిస్తే అది కూడా సీనియర్ స్కీముకే. లక్షన్నర సీనియర్ స్కీములో. మిగిలింది నెలకు పదివేల చొప్పున మళ్ళీ ఇండెక్స్ ఫండులోకి, అదీ ఏడేళ్ళ దాకా ముట్టుకోనవసరం లేకపోతేనే. ఫండు లాభం ఎప్పుడైనా లక్షా పాతిక వేలకు దగ్గరపడితే, మార్చిలో ఆ మేరకు అమ్మి మర్నాడే కొనేయండి. ఆ ఏడాది మినహాయింపు వాడుకున్నట్టవుతుంది, కొన్న ధర పైకి జరుగుతుంది. ఏడాది నిండని యూనిట్లు మాత్రం అందులో కలపకండి, వాటికి 20 శాతం.

2029 కౌంటింగు నాటికి ఆ ఫండులో ఉన్నది, ఏ ఇంటి ఖర్చుకూ పెట్టుకోని సొమ్మే అయి ఉండాలి. ఆ రోజు ఫోనులో ఫండు యాప్ తెరవాలనిపిస్తే, మధ్యాహ్నం మూడు దాటాక తెరవండి. అప్పుడు అమ్మినా మర్నాటి ధరే పడుతుంది, రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే, గడువు లోపయితే, రద్దు చేసుకునే వీలుందేమో మీ ఫండు కంపెనీని ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.